ఇంతకును తగవెక్కడ?

సంక్రాంతి సెలవులు ముగిసి, ఏనుమాముల మార్కెట్టుకు ఎర్రమిరప బస్తాలు బారులు తీరి వచ్చు దినములలోనే మా కాశిబుగ్గ చుట్టుప్రక్కల కళాశాలలందు వక్తృత్వపు పోటీల ఋతువును ఆరంభమగును. దేశాయిపేట మొదలు మట్టెవాడ వరకును, అటనుండి హనుమకొండ దాకను ఎన్ని కళాశాలలున్నవో అన్ని వార్షికోత్సవములు, ప్రతి వార్షికోత్సవమునకును ఒక వాదప్రతివాదసభ. ఆ సభకు ఎవరో ఒక విశ్రాంతాధ్యాపకుడు న్యాయనిర్ణేతగ కావలసియుండుటచేత, తెలుగు పాఠములు చెప్పి విరమించి ఇంటిపట్టుననున్న నాబోటివానికి పిలుపు వచ్చుచుండును. అంశములు ఏటేట మారుచుండునని తలంచువారు ఆ సభలకు ఎన్నడును రానివారు. సెల్‌ఫోను వరమా శాపమా అనునది ఎట్లు తప్పదో, కళాశాల ప్రాంగణమున ధూమపానమును సంపూర్ణముగ నిషేధింపవలెనా అనునదియు అట్లే తప్పదు. గాలి మార్కెట్టు వైపునుండి వీచిన దినమున, జన్మలో పొగ త్రాగనివాడు సైతము మిరప ఘాటునకు దగ్గుచునే ఈ అంశముపై అనర్గళముగ ప్రసంగించుట మా పేటకే చెల్లిన వింత.

ఓరుగంటివారికి సభలయందు మక్కువ నిన్న మొన్నటిది కాదు. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో వెలసినది. నిజాము ప్రభుత్వమున సభ జరుపుకొనవలెనన్న ముందుగ అనుమతి పొందవలసిన గడ్డుకాలము వచ్చినప్పుడు, గ్రంథాలయపు గదులే మనవారికి సభామండపములైనవి. అట్టి ఊరిలో పుట్టిన పిల్లలు వేదిక యెక్కి తడబడకుండ మాటలాడుటలో ఆశ్చర్యము లేదు. వారు దేనిని గూర్చి మాటలాడవలెనో దానిని వదలి తక్కినదంతయు మాటలాడుటయే నా విచారము.

వరుస ఎట్లుండునో చెప్పెదను. మొదటి వక్త లేచి, అధ్యక్షులకును న్యాయనిర్ణేతలకును నమస్కరించి, నికొటిన్ మొదలుకొని ఊపిరితిత్తుల క్యాన్సరు వరకు ఏకరువు పెట్టును. పొగాకువలన ఏటా ఎందరు మరణించుచున్నారో ఒక సంఖ్య చెప్పును. అతని జతగాడు వేరొక సంఖ్య చెప్పును. మూడవవాడు చెప్పు సంఖ్య ఆ రెండింటిని కూడినదానికంటెను పెద్దదిగ నుండును. మూడు నిముషముల గంట మ్రోగును. అంతట ప్రతిపక్షమువాడు లేచి, పొగ హానికరమేనని, దానిని తాము కాదనుటలేదని చెప్పి తన ప్రసంగమును మొదలిడును. చూచితిరా, మొదటి ముగ్గురి శ్రమయు ఒక్క వాక్యముతో గంగపాలైనది! ఎదుటివాడు ఒప్పుకొన్నదానినే పట్టుబట్టి సాధింపజూచుటకు మన తార్కికులు సిద్ధసాధనమని పేరిడి దానిని దోషములలో లెక్కించిరి. సందేహము లేనిచోట అనుమానమునకే తావు లేదని వారి సిద్ధాంతము. అనుమానమునకే తావు లేనప్పుడు వాదమునకు ఎక్కడిది?

పొగాకు హానికరమా కాదా అనునది ఒకప్పుడు నిజమైన వివాదమే. 1950లో డాల్, హిల్ అను ఇరువురు లండను ఆసుపత్రులలోని రోగులను వారి అలవాట్లను గూర్చి ప్రశ్నించి, సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ పరిశోధన నడుచుచుండగనే డాల్ తన సిగరెట్టును మానివేసెను. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వెలువడినది. కంపెనీలవారు అటుపిమ్మటను చాలకాలము బుకాయించిరి గాని, చదువుకొన్నవారిలో ఆ తగవు తీరి ఇప్పటి విద్యార్థుల తాతల కాలమైనది. తీరిన తగవును తిరుగదోడి దానిపై గెలిచితినని పొంగుట పందెమునకు రానివానిని ఓడించుట వంటిది.

అంతకంటె ముందటి వాదమొకటి చరిత్రలో నిలిచియున్నది. పిల్లలెవ్వరును దానిని ఎత్తరు గాని, నాకది మిక్కిలి ప్రీతిపాత్రము. 1604 ప్రాంతమున అసద్ బేగ్ అను మొగలు ఉద్యోగి బీజాపురమునకు రాయబారముపై పోయి, మరలివచ్చునప్పుడు మన దక్కనునుండి పొగాకును, చక్కగ అలంకరించిన హుక్కాను తీసికొనిపోయి అక్బరు పాదుషా ముందుంచెను. పాదుషా కుతూహలముతో రెండు మూడు దమ్ములు పీల్చగనే ఆస్థానవైద్యుడు అడ్డుపడెను. పరీక్షింపని వస్తువు, మన వైద్యగ్రంథములలో ఎక్కడను లేనిది, పాదుషా సేవింపదగదని అతని వాదము. పరంగులు దీనిని ఎరిగినవారే కదా, వారిలోను జ్ఞానులు లేకపోరు కదా, ఎరుగకయే ఎట్లు తోసివేయుదురని అసద్ బేగ్ ప్రశ్న. మన పెద్దలు అంగీకరింపని ఆచారమును పరంగులను చూచి మనమేల పట్టవలెనని వైద్యుడు. లోకమున ప్రతి ఆచారమును ఒకప్పుడు క్రొత్తదే కదా అని అసద్ బేగ్. పాదుషా అసద్ బేగ్ మాటనేర్పును మెచ్చుకొనెను గాని తాను మాత్రము మరల హుక్కాను ముట్టలేదు. దర్బారులోని ఉమరావులు ముట్టిరి, వర్తకులు అమ్మిరి, 1617లో జహంగీరు నిషేధాజ్ఞ వెలువరించెను, ఆ ఆజ్ఞ ఏమైనదో మన వీధులే చెప్పుచున్నవి. ఆ సభలో వాదము వాదముగ నడచుటకు కారణమేమి? అచట తెలియని విషయము తెలియనిదిగనే ఉండెను. ఇరువురును ఒకే ప్రశ్నకు, అనగా పరీక్షింపని వస్తువును పట్టవచ్చునా అనుదానికి, సమాధానము చెప్పుచుండిరి. గెలిచినవాని మాట పాదుషా చెవికి ఇంపైనది, ఓడినవాని మాట అతని చేతిని ఆపినది. ఇట్టి ఫలితమునకు ఏ కప్పు ఇవ్వవలెనో మా పోటీల నిబంధనలలో లేదు.

ఇక ప్రతిపక్షమువారి సంగతి. వారికి గురజాడవారు గిరీశము నోట పలికించిన పొగాకు పద్యము బ్రహ్మాస్త్రము. 1897లో అచ్చైన నాటకములోని హాస్యమును నేటి సభలో ప్రమాణముగ చూపుటయే ఒక హాస్యము. గిరీశము మాటను ప్రమాణముగ గొన్నవారి గతి ఏమైనదో ఆ నాటకమును తుదివరకు చదివినవారికి తెలియును. చప్పట్లు మాత్రము మిన్నుముట్టును. నేను ఆ పద్యమునకు మార్కులు వేయను. తీయను గూడ తీయను. నిషేధపక్షమువారు దానికి బదులుగ పొగ త్రాగుట పాశ్చాత్యవ్యామోహమని గర్జింతురు. అదియు నిలువదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో ముదుసలి స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోనికి పెట్టుకొని త్రాగు అడ్డపొగ ఏ పాశ్చాత్యుడు నేర్పినది? అంగిలికి వచ్చు పుండ్లను, క్యాన్సరును విశాఖ వైద్యులు ఆ స్త్రీలలోనే పరిశీలించి వ్రాసిరి. శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రక్కనను ఒక కాశీబుగ్గ యున్నది. మా పేటకు రావలసిన ఉత్తరములు అప్పుడప్పుడు అచటికి పోయి, పొగాకును గూర్చి మా కంటె ఎక్కువ తెలిసినవారి చేత చిక్కుచుండును.

మా చదువు కాలమున ఈ అంశమును పెట్టుటయే పొసగకపోయెడిది. హైదరాబాదు ఆజామాబాదులో తయారగు చార్మినార్ సిగరెట్టు పెట్టె చొక్కా జేబులోనుండి తొంగిచూడని అధ్యాపకుడు అరుదు. సభకు అధ్యక్షత వహించు పెద్దమనిషియే మూడవ వక్త మాటలాడుచుండగ ఒకటి వెలిగించి, బూడిద రాల్చుటకు బల్లమీది పూలకుండీని దగ్గరకు లాగుకొనెడివాడు. ఆ వేదికపై నిలిచి నిషేధమును కోరు ధైర్యము ఎవనికి కలదు?

ఇప్పుడు కాలము మారినది, చట్టము వచ్చినది. కాని చట్టము వచ్చుటతో వాదము ముగియలేదు, అసలు వాదము అప్పుడే మొదలైనది. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ ధూమపానమును తప్పుపట్టెను. 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు మురళీ దేవరా వ్యాజ్యమున ఆసుపత్రులు, న్యాయస్థానములు, గ్రంథాలయములతోబాటు విద్యాసంస్థలలోను పొగ త్రాగరాదని ఆదేశించెను. 2003లో పార్లమెంటు చట్టము చేసెను. ఆ చట్టము జనులు వచ్చిపోవు చోటులలో విద్యాసంస్థలను పేర్కొనుచునే, ఆరుబయలు ఆ లెక్కలోనికి రాదని ఒక మాట చేర్చినది. 2008 అక్టోబరు 2నుండి అమలైన నియమములు బయలు ప్రేక్షకశాలలను, క్రీడాస్థలములను, రైల్వేస్టేషన్లను, బస్టాపులను, అట్టి ఇతర చోటులను ఆ లెక్కలోనికి తెచ్చినవి. ఇక ఆలోచింపుడు: కళాశాల వెనుక గోడదగ్గర, వేపచెట్టు క్రింద, సైకిళ్లు నిలుపు చోటు భవనమా, క్రీడాస్థలమా, అట్టి ఇతర చోటా?

ఈ ప్రశ్నను మా పేటకు దగ్గరి కళాశాలలో రెండవ సంవత్సరపు కుర్రవాడొకడు లేవనెత్తినప్పుడు నేను కుర్చీలో నిటారుగ కూర్చుంటిని. అతనికి దక్కినది ప్రతిపక్షము. చీటీ తీసి పక్షము నిర్ణయించు పద్ధతి మాది, అందుచేత తన మనసులో ఏమున్నదో ఎవరికిని తెలియదు. అతడు క్యాన్సరు మాట ఎత్తలేదు, స్వేచ్ఛ మాటయు ఎత్తలేదు. ఆరుబయట ఒంటరిగ నిలిచినవాని పొగ ఎవరి ముక్కునకు సోకుచున్నదో నిషేధపక్షమువారు చూపవలెనని, చూపలేనిచో వారు కోరునది ఇతరుల రక్షణ కాదు, వాని సంస్కరణ యగునని, సంస్కరణయే కోరుచున్నచో ఆ మాటను దాచక చెప్పవలెనని నిలదీసెను. అవతలివారిలో ఒక్కరికైన ఆ మాట చెప్పు ధైర్యము కలిగియుండిన ఆ సభ గొప్ప సభ అయ్యెడిది. మా కళాశాలలో చేరిన పదునెనిమిదేండ్లవాడు ఆ చెట్టు క్రింద మొదటి సిగరెట్టు ముట్టించునని, చూచి నేర్చుకొనుటయే ఇందలి హాని యని, సంస్కరణయే మాకు కావలెనని బదులు చెప్పవచ్చును. చెప్పలేదు, మరల ఊపిరితిత్తుల బొమ్మను వర్ణించిరి.

అతనికే వేరొక వాదము జారిపోయినది. త్రాగువారికి వేరొక గది కట్టించి ఇవ్వవచ్చును కదా అని ముగించెను. 2008 నాటి ఆ నియమములు అట్టి గదిని విమానాశ్రయములకు, ముప్పది గదులకు తక్కువ కాని హోటళ్లకు, ముప్పదిమంది కూర్చుండు భోజనశాలలకు మాత్రమే అనుమతించినవి. కళాశాలకు గది కోరువాడు ముందు చట్టమును మార్చుమని కోరవలెను. ఆ సంగతి ఎదుటి పక్షమువారికి తెలియదు గనుక అతడు బ్రతికిపోయెను.

చట్టములో నాకు నచ్చిన భాగము నూరు గజముల నిబంధన. విద్యాసంస్థకు నూరు గజములలోపల పొగాకు ఉత్పత్తులను అమ్మరాదు. ఆ దూరమును ప్రహరీగోడ వెలుపలి అంచునుండి చుట్టును కొలువవలెను. ప్లాట్లను గజములలో కొని గజములలో అమ్ముకొను మా ఊరివారికి నూరు గజములన్న ఎంతయో ఒకరు చెప్పనక్కరలేదు. కాని కాశిబుగ్గవంటి పేటలో, బడియు మగ్గమును కిరాణాకొట్టును ట్యూషను సెంటరును ఒకే గోడను పంచుకొనుచోట, ఒక బడి చుట్టు గీసిన వలయము ఇంకొక బడి వలయముపై పడుచుండగ, పాన్‌డబ్బావాడు ఎక్కడికి పోవలెను? తలుపునకు కట్టిన కొబ్బరితాడు కొనను నిప్పు రాజుచుండ, పెట్టె విప్పి సిగరెట్లను విడివిడిగ అమ్ముకొను ఆ మనిషిని వేదికపై ఎవరును మనిషిగ తలంపరు. జరిమానా రెండువందల రూపాయలకు మించదు. అది విద్యార్థికి సినిమా ఖర్చు, అతనికి ఒక దినపు రాబడిలో పెద్ద భాగము.

ఆదివారము ప్రొద్దున నా అరుగుమీదికి కొందరు పిల్లలు అభ్యాసమునకు వత్తురు. అందులో సిగరెట్టు అలవాటున్న ఒకనికి నిషేధపక్షము చీటీ వచ్చినది. వాడు నవ్వి, తల గోకికొని, పుస్తకముల మాట కట్టిపెట్టి తన సంగతియే చెప్పెను. "సార్, క్లాసుకు క్లాసుకు నడుమ పది నిమిషాలుంటది. డబ్బ గేటు ముంగటనే ఉంది కాబట్టి పోత. నూరు గజాలవతల ఉంటే సగంసార్లు పోనే పోను. నాకు బద్ధకం." తక్కినవారు పకపక నవ్విరి. నిషేధమును సమర్థించుచు నేను విన్న మాటలలో ఇంత బలమైనది మరియొకటి లేదు. అలవాటును ఓడించుటకు ఉపన్యాసము చాలదని, నడక చాలునని ఆ చట్టము వ్రాసినవారు ఎరుగుదురు కాబోలు.

వాదమును అభ్యసించు విధానమున నేను పట్టుబట్టునది ఒక్కటే. కాగితమును నిలువుగ మడిచి, ఎడమ ప్రక్కన ఎదుటివాని మాటను, వాడు చెప్పగలిగినదానికంటెను బాగుగ వ్రాయవలెను. శంకరుల సూత్రభాష్యమును తెరచి చూడుడు. సాంఖ్యుని పూర్వపక్షమును ఎంత బలముగ నిలిపెనో చదువుచున్నప్పుడు ఇక దీనికి సమాధానమే లేదేమో యనిపించును. గౌతముడు న్యాయసూత్రములలో మాటల పోరును మూడుగ విడదీసెను: తత్త్వమును తెలిసికొనుటకు చేయునది వాదము, గెలుపే గురిగ చేయునది జల్పము, తనకొక పక్షము లేకయే ఎదుటివానిని కూల్చుట వితండ. కప్పు పెట్టి గంట కొట్టి జరుపు పోటీ జల్పము కాక తప్పదని నేనును ఒప్పుకొందును. జల్పములో దిగియు వాదమును మరువనివాని కొరకే నేను ఎదురుచూచుచుందును.

అట్టి పిల్ల ఒకతె తారసపడినది. జగిత్యాల వైపు ఊరినుండి వచ్చి ఇచట హాస్టలులో నుండి చదువుకొనుచున్నది; ఆమెకు దక్కినది నిషేధపక్షము. ఆమె తన తల్లి బీడీలు చుట్టునని చెప్పి మొదలుపెట్టెను. రాత్రి తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకును తెల్లవారి రేకుముక్క కొలతగ కత్తెరతో కత్తిరించుట, ఒడిలో చాట నుంచుకొని ఆకులో చిటికెడు తంబాకు పోసి వ్రేళ్ల నడుమ దొరలించుట, కొన మడిచి దారము చుట్టుట, ఇరువదియైదింటిని కట్టగ కట్టుట, అన్నము కలుపుకొనునప్పుడు సైతము చేతిని వదలని ఆ తంబాకు వాసన, ఇవన్నియు కన్నులకు కట్టించెను. సభ నిశ్శబ్దమైనది. ఆమె తన తల్లి కష్టమును చెప్పి కన్నీరు తెప్పించి కూర్చుండునేమోయని నేను భయపడితిని.

ప్రతిపక్షపు కుర్రవాడు ఆ సందు విడువలేదు. "మరి మీ అమ్మ చుట్టిన బీడీలు ఎవరు తాగాలె?" అని అడిగెను. హాలంతయు ఈలలు. ఆమె తొణకలేదు. "ఎవలు తాగుతరని అడుగుతున్నవ్ అన్నా, ఎక్కడ తాగుతరని అడుగు. ఇయ్యాల అంశం గదే" అనెను.

అటుపిమ్మట తన మిగిలిన నిముషమున ఆమె చెప్పినది ఇది: తన తల్లికి కూలి ఇచ్చు కార్ఖానా కళాశాల మైదానమును నమ్ముకొని నడుచుట లేదు, ప్రాంగణమున పొగ నిలిచిపోయినంత మాత్రమున ఆమె చాట ఖాళీ కాదు, తునికాకు మాటయు, తంబాకు మాటయు వేరొక సభలో, ఆమెకు వేరొక పని చూపగలవారు కూర్చున్న సభలో జరుగవలెను. అంతవరకు ఆ కుర్రవాడు ప్రభుత్వపు ద్వంద్వనీతిని దులిపివేయుచుండెను. గుంటూరులో 1976నుండి పొగాకు బోర్డును, రాజమహేంద్రవరమున 1947నుండి పొగాకు పరిశోధన సంస్థను నడుపుచు, ములుగు, ఏటూరునాగారము అడవులలో వేసవి వేసవికి తునికాకు కోయించుచు, బీడీకార్మికులకు తెలంగాణ ప్రభుత్వము 2015నుండి నెలకు 1,000 రూపాయలు, 2019నుండి 2,016 రూపాయలు జీవనభృతి ఇచ్చుచు, మరల పొగ త్రాగినవానికి జరిమానా వేయుట ఏమి న్యాయమని అతని ప్రశ్న. చెప్పినవన్నియు నిజములే. అన్నియు నిజములైనను అంశమునకు చెందకపోవచ్చునని గ్రహించుటయే కష్టము. గౌతముడు లెక్కించిన ఇరువదిరెండు నిగ్రహస్థానములలో అర్థాంతరమని దీనికొక పేరు కలదు. ఆమె గౌతముని చదివియుండదు. చదువవలసిన పనియు లేదు.

బహుమతి ఆమెకు రాలేదు. ముగ్గురము నిర్ణేతలము, తక్కిన ఇరువురకు ఊపిరితిత్తులను వర్ణించిన పిల్లవాని కంఠస్వరము నచ్చినది. నా మార్కుల కాగితము వారి లెక్కలో కలిసిపోయినది.

అడిగినవారికి నా అభిప్రాయమును దాచను. ప్రాంగణమున, గదిలోనైనను చెట్టు క్రిందనైనను, పొగ ఉండరాదు. అధ్యాపకుల గదికిని వాచ్‌మాను కుర్చీకిని నిబంధన ఒక్కటే కావలెను. ఇప్పుడు అది వాచ్‌మాను బీడీమీదనే మొదట పడుచున్నది. పట్టుబడిన విద్యార్థిని కళాశాలనుండి తరిమివేయుట మాత్రము నాకు మింగుడుపడదు. రెండువందల జరిమానా చాలునని చట్టమే చెప్పుచుండగ, దానికి మించిన శిక్షను ప్రిన్సిపాలు ఏ అధికారముతో వేయును? హాస్టలు సంగతి ఇంకను చిక్కు. రాత్రి పది గంటలకు గేటు మూసినపిమ్మట త్రాగెడివాడు డాబా ఎక్కును, లేదా స్నానపుగది తలుపు వేసికొనును. పరుపుల నడుమ నిప్పు రగులుట అంతకంటె ప్రమాదము. 2019లో ఈ-సిగరెట్లను దేశమంతటను నిషేధించిరి గదా, అవి వాసన లేక పెట్టెలలో దాగి వచ్చుచున్నవని వార్డెన్లు మొరపెట్టుకొనుచున్నారు. ఇవి నిజమైన తగవులు. వీటికి ఇరుప్రక్కలను చెప్పదగిన మాట కలదు.

ఆ మాటయే మొన్న ఒక కళాశాలవారు ఆహ్వానించుటకు వచ్చినప్పుడు చెప్పితిని. పాత అంశమునకు బదులు, ప్రాంగణమున పట్టుబడిన విద్యార్థిని జరిమానాతో విడువవలెనా, సస్పెండు చేయవలెనా అని పెట్టుడంటిని. వచ్చిన యువాధ్యాపకుడు మర్యాదగ చేతులు కట్టుకొని, "సార్, గట్ల పెడితే పిల్లలకు మాట్లాడనీకె ఏముంటది? ఫోన్‌ల దొరకది గద" అనెను. ఫోనులో దొరకకపోవుటయే అందలి గుణమని నేనంటిని. కొంతసేపు బేరమాడి, మొదటి దశకు పాత అంశము, తుది దశకు క్రొత్త అంశము అని రాజీకి వచ్చితిమి. తుది దశకు చేరువారు ఆరుగురు. వారికి ముందురోజు సాయంకాలము మాత్రమే అంశము తెలుపవలెనని నేను పెట్టిన షరతుకు ప్రిన్సిపాలు ఒప్పుకొన్నట్లు నిన్న కబురు వచ్చినది; న్యాయనిర్ణేతలను మాత్రము వారే పిలుచుకొందురట.